ఇంటి ప్లగ్ నుంచి ట్రైలర్‌కి కరెంటు: వేసవి ప్రయాణానికి ముందు జాగ్రత్తలు

మే నెలాఖరులో మెమోరియల్ డే వస్తుందంటే అమెరికాలో మనవాళ్ల డ్రైవ్‌వేల్లో కూడా ట్రావెల్ ట్రైలర్లు, అంటే బండి వెనక లాక్కెళ్లే చిన్న ఇళ్లలాంటివి, కనిపిస్తాయి. కొందరివి సొంతవి, కొందరివి అద్దెవి. బయల్దేరే ముందు రోజు ఫ్రిజ్ చల్లబడాలి, బ్యాటరీ నిండాలి. అందుకని గరాజ్‌లో ఉన్న ప్లగ్‌కే తగిలించేస్తారు. అలా తగిలించడంలో తప్పు లేదు, కానీ రెండు ప్రమాదాలు ఉన్నాయి. ఒకటి, వైరో ప్లగ్గో వేడెక్కి మంట అంటుకోవడం. రెండోది, ట్రైలర్ లోహపు ఒళ్లంతా కరెంటు పాకడం. మొదటిది కాలిన వాసనతోనైనా తెలుస్తుంది. రెండోది ఎవరో ఒకరు ముట్టుకునేదాకా తెలియదు.

ముందు లెక్క చూద్దాం. చాలా ట్రైలర్లకి 30 ఆంపియర్ల ప్లగ్ ఉంటుంది, అంటే 120 వోల్టుల దగ్గర 3,600 వాట్లు. ఇంట్లో మామూలు సర్క్యూట్ 15 ఆంపియర్లది, అంటే 1,800 వాట్లే. అది కూడా గంటల తరబడి వాడితే 80 శాతం దాటకూడదు: 12 ఆంపియర్లు, 1,440 వాట్లు. రెండింటి మధ్య పెట్టే అడాప్టర్ ప్లగ్ ఆకారాన్ని మారుస్తుంది, అంతే. గోడలో ఉన్న వైరు అదే వైరు.

ట్రైలర్ పైకప్పు మీద ఉండే 13,500 బీటీయూ ఏసీ ఒక్కటే 12 నుంచి 15 ఆంపియర్లు లాగుతుంది. స్టార్ట్ అయ్యే క్షణంలో ఇంకా చాలా ఎక్కువ. మైక్రోవేవ్, ఇన్‌స్టంట్ పాట్, గది హీటర్ లాంటివి ఒక్కోటి వెయ్యి నుంచి 1,500 వాట్లు తింటాయి. బ్యాటరీ బాగా దిగిపోయి ఉంటే దాన్ని నింపే కన్వర్టర్ కూడా మొదట్లో గట్టిగానే లాగుతుంది. ఇవన్నీ చూశాక నేను చెప్పేది ఒకటే: ఇంటి ప్లగ్ మీద బ్యాటరీ ఛార్జింగ్, ఫ్రిజ్, కాసిని లైట్లు. ఏసీ వద్దు. టెక్సస్ ఎండలో సామాన్లు సర్దడం ఎంత కష్టమో తెలుసు. అయినా వద్దు. ఫ్యాన్ పెట్టుకోండి, లేదా పొద్దున్నే సర్దేయండి.

వాటర్ హీటర్ ఎలక్ట్రిక్ స్విచ్ కూడా ఆఫ్‌లోనే ఉంచండి. అది సుమారు 1,400 వాట్లు లాగుతుంది, ట్యాంకులో నీళ్లు లేకుండా వేస్తే ఎలిమెంట్ నిమిషాల్లో మాడిపోతుంది.

గరాజ్‌లో ఆ సర్క్యూట్ మీదే ఇంకేం నడుస్తున్నాయో కూడా చూడాలి. మన ఇళ్లలో గరాజ్‌లో రెండో ఫ్రిజ్జో ఫ్రీజరో ఉండటం మామూలే. ట్రైలర్ వల్ల అక్కడ బ్రేకర్ పడిపోయి, మీరు వారం రోజులు ఊరెళ్తే ఫ్రీజర్‌లో ఉన్నదంతా పాడవుతుంది. బయల్దేరే ముందు ఒకసారి ఫ్రీజర్ తలుపు తీసి లైటు వెలుగుతోందో లేదో చూడండి.

ఎక్స్‌టెన్షన్ కార్డ్ లేకుండా పనవుతుందంటే అదే మేలు. ట్రైలర్‌ని ఇంకాస్త వెనక్కి తెచ్చి పెట్టండి. తప్పదనుకుంటే 12 గేజ్ లేదా 10 గేజ్, బయట వాడకానికి తయారైనది, మూడు పిన్నులది తీసుకోండి. గేజ్ అంకె తగ్గేకొద్దీ వైరు లావవుతుంది. పండక్కి లైట్లు వేలాడదీసే సన్న ఆరెంజ్ కార్డు సాధారణంగా 16 గేజ్. 50 అడుగుల అలాంటి కార్డులో 12 ఆంపియర్లు పారితే సుమారు 5 వోల్టులు పడిపోతాయి, దాదాపు 60 వాట్లు కార్డులోనే వేడిగా మారతాయి. దాన్ని చుట్ట చుట్టి పెడితే ఆ వేడి బయటికి పోయే దారి లేదు. కార్డు మొత్తం విప్పి పరవండి. తివాచీ కిందా, గరాజ్ తలుపు కిందా నలిగేట్టు పెట్టకండి. అరగంట తర్వాత ప్లగ్గునీ, అడాప్టర్‌నీ చేత్తో తాకి చూడండి. గోరువెచ్చగా ఉంటే ఫర్వాలేదు. వేడిగా ఉన్నా, ప్లాస్టిక్ గోధుమ రంగుకి తిరిగినా, ప్లగ్ వదులుగా ఊగుతున్నా అక్కడితో ఆపేయాలి. ఆ అవుట్‌లెట్ మార్పించాకే మళ్లీ వాడండి.

ఇక అసలు విషయం గ్రౌండ్, అంటే మన ఊళ్లలో ఎర్త్ అనేది. ట్రైలర్ రబ్బరు టైర్ల మీద నిలబడి ఉంటుంది. లోపల ఎక్కడో వైరు ఒరుసుకునో, హీటర్ ఎలిమెంట్ చిట్లో కరెంటు లీకైతే, అది తిరిగి బ్రేకర్లుండే ఇంటి ప్యానెల్‌కి చేరే దారి గ్రౌండ్ వైరు ఒక్కటే. ఆ వైరు సవ్యంగా ఉంటే బ్రేకర్ వెంటనే పడిపోతుంది. అది ఎక్కడ తెగి ఉన్నా ట్రైలర్ చట్రం, తలుపు, మెట్టు, లాగే కొక్కెం అన్నీ 120 వోల్టులతో ఎదురుచూస్తుంటాయి. లోపలున్న వాళ్లకి ఏమీ తెలియదు. నేల మీద నిలబడి తలుపు పట్టుకున్న మనిషికి కొడుతుంది.

మన ఇళ్లలో ఈ ప్రమాదం ఇంకాస్త ఎక్కువ. ట్రైలర్ లోపల శుభ్రంగా ఉండాలని చెప్పులు బయటే విడుస్తాం. వేసవిలో ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలు, పిల్లలు తడి గడ్డి మీద వట్టి కాళ్లతో నిలబడి ఆ తలుపు తీస్తారు. ‘ఇక్కడ 120 వోల్టులే కదా, మన 230 అంత కాదులే’ అనే మాట చాలాసార్లు విన్నాను. తడి కాళ్లకి 120 చాలు. కరెంటు కనెక్ట్ అయి ఉన్నంతసేపూ చెప్పులు మెట్టెక్కి లోపలికి వెళ్లాకే విప్పమనండి.

అందుకే మూడో పిన్ను తీసేసే అడాప్టర్లూ, పిన్ను విరగ్గొట్టిన కార్డులూ పూర్తిగా నిషేధం. ఇంకో అలవాటు కూడా చెప్పాలి. ఇండియాలో గొయ్యి తీసి, ఉప్పూ బొగ్గూ వేసి ఎర్త్ పెట్టడం చూసిన వాళ్లు, ట్రైలర్ పక్కన ఒక రాడ్ పాతి చట్రానికి కడితే సరిపోతుందనుకుంటారు. సరిపోదు. ఒక్క రాడ్‌కి 25 ఓమ్‌ల నిరోధం ఉంటే 120 వోల్టులకి దాని గుండా పారేది 5 ఆంపియర్ల లోపే. 15 ఆంపియర్ల బ్రేకర్ దానికి కదలదు, ట్రైలర్ ఒంట్లో కరెంటు అలాగే ఉంటుంది.

రెండు చిన్న పరికరాలు కొని ట్రైలర్ డ్రాయర్‌లో పెట్టుకోండి. ఒకటి, మూడు లైట్ల అవుట్‌లెట్ టెస్టర్. గ్రౌండ్ లేకపోయినా, వైర్లు తారుమారైనా చాలావరకు చూపిస్తుంది. పాత ఇళ్లలో మూడు రంధ్రాల అవుట్‌లెట్ ఉన్నా వెనక గ్రౌండ్ లేని సందర్భాలు ఉంటాయి కాబట్టి బంధువుల ఇంట్లో తగిలించే ముందు తప్పక చూడాలి. రెండోది, ముట్టుకోకుండానే కరెంటు పసిగట్టే పెన్ను లాంటి టెస్టర్. పనిచేస్తోందని ముందు ఇంటి ప్లగ్ దగ్గర నిర్ధారించుకుని, ట్రైలర్‌కి కరెంటు ఇచ్చాక దాని లోహపు ఒంటి దగ్గరికి తీసుకెళ్లండి. అది మోగితే ట్రైలర్‌ని ముట్టుకోకండి, ఎవర్నీ ముట్టుకోనివ్వకండి. నేరుగా ఇంటి ప్యానెల్ దగ్గరికి వెళ్లి బ్రేకర్ దించండి. తలుపు పట్టుకుంటే సన్నగా జివ్వుమందని ఎవరైనా అన్నా ఇదే పని చేయాలి.

గరాజ్‌లో, బయట ఉండే ప్లగ్గులకి సాధారణంగా జీఎఫ్‌సీఐ రక్షణ ఉంటుంది. వెళ్లిన కరెంటుకీ తిరిగొచ్చిన కరెంటుకీ 5 మిల్లీఆంపియర్ల తేడా వచ్చినా అది పడిపోతుంది. ట్రైలర్ తగిలించగానే అది పడిపోతుంటే చాలామంది విసుక్కుని, కిటికీలోంచి కార్డు లాగి లోపలి ప్లగ్‌కి పెడతారు. దయచేసి ఆ పని చేయకండి. లీకేజీ ఉందని అది చెబుతోంది. ట్రైలర్‌లో బ్రేకర్లన్నీ ఆపి, ఒక్కొక్కటీ వేస్తూ ఏది వేసినప్పుడు పడుతోందో చూడండి. వాటర్ హీటర్ ఎలిమెంట్, తడిసిన కార్డు జాయింట్ తరచుగా దొరికే దోషులు. అన్నీ ఆపినా పడుతుంటే న్యూట్రల్ (కరెంటు మామూలుగా తిరిగొచ్చే వైరు), గ్రౌండ్ ఎక్కడో కలిశాయేమో అనుమానించాలి, ఎందుకంటే బ్రేకర్లు న్యూట్రల్‌ని విడదీయవు. ఇంటి మెయిన్ ప్యానెల్‌లో తప్ప ట్రైలర్‌లో ఆ రెండూ కలవకూడదు. అప్పుడు ఎలక్ట్రీషియన్‌ని పిలవాల్సిందే.

తగిలించే వరుస సులువు. ట్రైలర్ మెయిన్ బ్రేకర్ ఆపండి. కార్డు ముందు ట్రైలర్‌కి, తర్వాత అడాప్టర్‌కి, చివరికి గోడకి. టెస్టర్‌తో ట్రైలర్ ఒళ్లు చూశాక, పొడి చెప్పులు వేసుకుని లోపలికెళ్లి మెయిన్ వేయండి, వేశాక టెస్టర్‌తో ఇంకోసారి చూడండి. తీసేటప్పుడు మెయిన్ ఆపి, ముందు గోడ నుంచి తీయండి.

ఏటా ఈ తంటా ఎందుకని ఇంట్లో 30 ఆంపియర్ల అవుట్‌లెట్ పెట్టించుకోవడం మంచి ఆలోచనే. లైసెన్స్ ఉన్న ఎలక్ట్రీషియన్‌తో, పర్మిట్‌తో చేయించండి. కానీ ఆ మూడు పిన్నుల 30 ఆంపియర్ల ప్లగ్ చూడగానే పాత బట్టల డ్రైయర్ ప్లగ్ అనుకుని 240 వోల్టులు ఇచ్చేసిన ఎలక్ట్రీషియన్లు ఉన్నారు. ఒక్కసారి తగిలిస్తే కన్వర్టర్, మైక్రోవేవ్, ఫ్రిజ్ బోర్డు కాలిపోవచ్చు. ఇది ట్రావెల్ ట్రైలర్ అవుట్‌లెట్, 120 వోల్టులది, సింగిల్ పోల్ బ్రేకర్ కావాలి అని ముందే కాగితం మీద రాసివ్వండి. పని అయ్యాక ఆయన ఉండగానే మల్టీమీటర్‌తో చూపించమనండి: హాట్ (కరెంటు వచ్చే వైరు), న్యూట్రల్ మధ్య 120, హాట్, గ్రౌండ్ మధ్య 120, న్యూట్రల్, గ్రౌండ్ మధ్య దాదాపు సున్నా. ఎక్కడైనా 240 కనిపిస్తే అది సరిచేసేదాకా ట్రైలర్ కార్డు దాని దగ్గరికి కూడా తీసుకెళ్లకండి.