కోతలు చేతికి రాకముందు ఇల్లు నడపడం

శ్రీకాకుళం జిల్లా పల్లెల్లో ఉభాలు, అంటే వరి నాట్లు, పూర్తయిన నాటి నుంచి కోతల వరకు చేతిలో డబ్బు ఆడని నెలలు ఏటా వస్తాయి. అప్పుడు మొదట చేయవలసింది అప్పు వెతకడం కాదు. ఇంట్లో ఉన్న బియ్యం, చోళ్లు (రాగులు), పప్పు ఎన్ని రోజులకు వస్తాయో కొలిచి చూసి, రాబోయే నెల ఖర్చులను ఇంటిల్లిపాదీ కూర్చుని ఒక నోటు పుస్తకంలో రాసుకోవడం.

తిండి, మందులు, కరెంటు బిల్లు, పిల్లల చదువు ముందు వరుసలో ఉండాలి. డ్వాక్రా సంఘం వాయిదాను కూడా వాటి పక్కనే రాయండి, ఎందుకంటే అది ఆగితే భారం తోటి సభ్యులందరి మీద పడుతుంది. కొత్త బట్టలు ఆగవచ్చు.

అప్పు తప్పనిసరైతే వడ్డీని ఏడాదికి లెక్కకట్టండి. నూటికి మూడు రూపాయలన్న మాట చిన్నదిగా వినిపిస్తుంది గాని, 10,000 రూపాయలకు అది నెలకు 300, ఏడాదికి 3,600, అంటే 36 శాతం. సంఘం ద్వారా గాని, బ్యాంకులో బంగారం తాకట్టు పెట్టి గాని తీసుకుంటే సాధారణంగా వడ్డీ చాలా తక్కువ. అయితే రసీదులో తూకం, వడ్డీ రేటు, గడువు తేదీ మూడూ చదవకుండా సంతకం చేయవద్దు. మా ఇంట్లో ఒకసారి గడువు చూసుకోకపోవడం వల్ల అమ్మ గొలుసు వేలం నోటీసు దాకా వెళ్లింది. ఆ రాత్రి ఆమె అన్నం ముట్టలేదు.

కిరాణా కొట్టులో బాకీ పెరిగితే ముఖం చాటేయకుండా ముందే వెళ్లి, తీర్చే తేదీ చెప్పి, వంద రూపాయలైనా జమ కట్టి, ఆ జమను షావుకారు పుస్తకంలోనూ మీ పుస్తకంలోనూ అక్కడికక్కడే రాయించండి.