మంచులో బండి జారుతోందా? ముందు వంగి టైరు పక్క చూడండి

నల్లగొండలో నాకు టైర్ల షాపు ఉంది. అంతకుముందు తొమ్మిదేళ్లు జర్మనీలో ఒక వర్క్‌షాపులో టైర్లు విప్పడం, బిగించడమే పని. ఆ సంగతి ఊళ్లో తెలుసు కాబట్టి నవంబరు వచ్చిందంటే వాట్సాప్ మోగుతూనే ఉంటుంది. మిర్యాలగూడ పిల్లలు, దేవరకొండ పిల్లలు, పాలమూరు నుంచి విదేశాలకు చదువుకు పోయిన పిల్లలు. "అన్నా, బండి ఎక్కుతలేదు" అని వీడియో పంపుతారు. అందులో మంచు కనిపిస్తుంది, డిక్కీ కనిపిస్తుంది, వాళ్ల కొత్త బూట్లు కనిపిస్తాయి. టైరు పక్క ఏం రాసుందో మాత్రం కనిపించదు. నేను అడిగేది మొదట అదే.

పొద్దున స్టార్ట్ చేయగానే గాలి లైటు వెలిగింది

నాలుగు టైర్లలోనూ ఒకే లెక్కన తగ్గితే అది చలి పని. ఉష్ణోగ్రత 10 డిగ్రీలు పడితే దాదాపు 0.1 బార్, మన భాషలో ఒకటిన్నర పాయింట్ల (పీఎస్ఐ) గాలి తగ్గుతుంది. అక్కడి మిషన్ బార్‌లో చూపిస్తుంది, మనవాళ్లు పాయింట్లు వెతుక్కుంటారు. 2.4 బార్ అంటే మన 35 అని గుర్తుంచుకుంటే చాలు. ఎంత కొట్టాలో డ్రైవరు డోరు పక్కనో పెట్రోలు మూత లోపలో స్టిక్కరు ఉంటుంది. టైరు చల్లగా ఉన్నప్పుడే కొట్టండి. ఒక్క టైరే దిగితే మాత్రం ఎక్కడో గాలి పోతున్నట్టే, చలి మీద నెట్టకండి.

వింటర్ టైర్లే ఉన్నాయంటాడు, కానీ ఎత్తు ఎక్కదు, బ్రేకు కొడితే ఆగదు, పైగా పోలీసులు ఫైన్ రాశారు

పదిమందిలో ఏడెనిమిది మంది చిక్కుకునేది ఇక్కడే. నేనూ చిక్కుకున్నాను.

అక్కడ మొదటి చలికాలం ఒక సెకండ్‌హ్యాండ్ కారు కొన్నాను. అమ్మినాయన వంగి, టైరు పక్కన ‘ఎం ప్లస్ ఎస్’ (M+S) అన్న అక్షరాలు వేలితో తట్టి, మంచుకు కూడా ఇవే చాలు అన్నాడు. నేను నమ్మాను. డిసెంబరులో ఒక సూపర్‌మార్కెట్ ముందు చిన్న దిగుడు. బ్రేకు తొక్కితే పెడల్ కాలి కింద టకటకమని తన్నుతోంది, బండి మాత్రం ఆగదు. పెళ్లి ఊరేగింపు కారులా తీరుబడిగా వెళ్లి ట్రాలీల వరుసకు ఆనుకుంది. దెబ్బ బంపరుకు చిన్నదే. టైర్ల పని చేసేవాడినన్న పేరుకు పెద్దది.

ఎం ప్లస్ ఎస్ అంటే బురద, మంచు. ఆ అక్షరాలు వేసుకోవడానికి మంచు మీద ఏ పరీక్షా పాస్ కానక్కర్లేదు. గ్రిప్పు గాడులు కాస్త లోతుగా, ఎడంగా ఉన్నాయని కంపెనీ తనకు తానే చెప్పుకునే మాట అది. మన దగ్గర జీపు టైర్ల మీద కూడా అవే అక్షరాలు కనిపిస్తాయి. పరీక్ష పాసైన టైరుకు ఉండే గుర్తు వేరు: మూడు శిఖరాల కొండ, దాని మధ్యలో మంచు రేకు. ఆ బొమ్మ ఉంటేనే వింటర్ టైరు. ఏడాదంతా వాడే మంచి ఆల్ సీజన్ టైర్లకూ ఆ బొమ్మ ఉంటుంది, అవీ చెల్లుతాయి.

అసలు తేడా రబ్బరులో ఉంది. 7 డిగ్రీల కిందికి దిగితే సమ్మర్ టైరు రబ్బరు రాత్రి మిగిలిన జొన్నరొట్టెలా బిగుసుకుంటుంది. వింటర్ టైరు మెత్తగానే ఉండి మంచును కరుచుకుంటుంది. అదే టైరు మే నెలలో నల్లగొండ రోడ్డెక్కితే పెన్సిలు రబ్బరులా అరిగిపోతుంది, అది వేరే కథ.

ఇక చట్టం. జర్మనీలో ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ దాకా అన్న నిబంధన లేదు. రోడ్డు మీద మంచో ఐసో ఉంటే వింటర్ టైర్లు ఉండాలి, అంతే. 2017 చివరిదాకా తయారైన ఎం ప్లస్ ఎస్ టైర్లకు 2024 సెప్టెంబరు 30 వరకు గడువిచ్చారు. అది అయిపోయింది, ఇప్పుడు కొండ బొమ్మ లేనిది లెక్కలోకి రాదు. ఫైన్ 60 యూరోలు, లైసెన్సు మీద ఒక పెనాల్టీ పాయింటు. అడ్డంగా ఇరుక్కుని ట్రాఫిక్ ఆపితే 80. మనవాళ్లకు తెలియని ముక్క ఇంకోటి: బండి ఇచ్చిన ఓనరుకూ 75 యూరోలు, ఒక పాయింటు పడతాయి. రూమ్మేటుకు తాళం ఇచ్చేముందు ఆలోచించుకోండి.

పరిష్కారం రెండు నిమిషాల పని. గుడ్డతో టైరు పక్క తుడవండి, కొండ బొమ్మ వెతకండి. నాలుగు టైర్లకూ చూడండి, ఒక్కదానికి చూసి లేవకండి. ముందర రెండు మాత్రమే మార్చి అమ్మేసిన బళ్లు నా చేతికే ఎన్నో వచ్చాయి. అవి ఎత్తు బానే ఎక్కుతాయి, మలుపులో వెనక భాగం విసిరేస్తుంది. తర్వాత డాట్ (DOT) అన్న అక్షరాల వరుసలో చివరి నాలుగు అంకెలు చదవండి. 3516 అంటే టైరు తయారైంది 2016లో 35వ వారం. బొమ్మ ఉన్నా అంత పాతదైతే గట్టిబడి ఉంటుంది, మార్చేయండి.

జర్మనీలో ఎవరూ ఆపలేదు, ఆస్ట్రియాలో ఆపారు

గ్రిప్పు లోతు చూసుకోలేదు. జర్మనీలో 1.6 మిల్లీమీటర్లున్నా చట్టం ఒప్పుకుంటుంది. ఆస్ట్రియాలో నవంబరు 1 నుంచి ఏప్రిల్ 15 వరకు మంచు రోడ్డు మీద 4 ఉండాలి, అంతకు తగ్గితే కొండ బొమ్మ ఉన్నా వింటర్ టైరు కిందికి రాదు. చెక్ దేశంలోనూ 4, స్వీడన్‌లో 3. రెండు యూరోల బిళ్లను గాడిలో నిలబెట్టండి. అంచున ఉన్న వెండి రంగు పట్టీ పూర్తిగా మునిగితే 4 ఉన్నట్టు. ఫ్రాన్స్ కొండ ప్రాంతాల్లో నవంబరు 1 నుంచి మార్చి 31 వరకు వింటర్ టైర్లో, డిక్కీలో టైర్లకు కట్టే మంచు చెయిన్లో ఉండాలి. నీలం గుండ్రటి బోర్డు మీద చెయిన్ కట్టిన టైరు కనిపిస్తే అక్కడ చెయిన్ కట్టాల్సిందే. స్విట్జర్లాండ్‌లో రూలు లేదని సంబరపడకండి, సమ్మర్ టైర్లతో గుద్దితే తప్పు మీ మీదికి రావచ్చు. కెనడాలో క్యుబెక్‌లో ఉన్నవాళ్లకు డిసెంబరు 1 నుంచి మార్చి 15 దాకా తప్పనిసరి.

అద్దె కారైతే ఏయే దేశాలకు పోతున్నారో బుకింగ్‌లోనే చెప్పండి. కౌంటరులో ‘ఉన్నాయి సార్’ అంటే తాళం తీసుకునేముందు బయటికెళ్లి వంగి చూడండి. కారు ఎవరిదైనా స్టీరింగు పట్టినవాడికి ఫైన్ తప్పదు.

బ్రేకు కొట్టినప్పుడు చక్రాలు బిగుసుకోకుండా చూసే ఏబీఎస్ సెన్సరు పోయిందేమో, గేరుబాక్సేమో అని అడుగుతారు. అవీ పోతాయి, కానీ నా లెక్కలో వందకు ఒకటి. టైర్లు చూశాకే మెకానిక్ దగ్గరికి పోండి.

టైర్లు మార్చిన మర్నాడు చక్రం దగ్గర చప్పుడు

మార్చాక 50 కిలోమీటర్లు తిరిగి బోల్టులు మళ్లీ బిగించారా? లేదు కదా. పక్కకు ఆపి పానా తీయండి. బోల్టు తిరిగితే దొరికినట్టే.