యూరప్ ఫుట్‌బాల్ క్లబ్బులో కోచ్ ఉద్యోగానికి వెళ్లే ముందు: అమెరికా కోచ్‌లకు జాగ్రత్తలు

☐ ముందు లైసెన్స్. పెద్ద లీగుల్లో యుయెఫా ప్రో (యూరప్ ఫుట్‌బాల్ సంస్థ ఇచ్చే అత్యున్నత కోచింగ్ లైసెన్స్) అడుగుతారు. మీ అమెరికా లైసెన్స్ చెల్లుతుందో లేదో ఆ దేశ ఫుట్‌బాల్ సంఘాన్నే అడగండి. అమెరికా కోచ్ జెస్సీ మార్ష్ యుయెఫా ప్రో కోర్సు స్కాట్లండ్‌లో చేశారు.

☐ ఇంగ్లండ్ అయితే వర్క్ పర్మిట్.

☐ భాష. వచ్చినంతవరకైనా మాట్లాడండి. 2019లో లివర్‌పూల్‌పై తన జట్టు, ఆస్ట్రియా క్లబ్ సాల్జ్‌బర్గ్ 3-1తో వెనకబడితే, మార్ష్ హాఫ్‌టైమ్‌లో జర్మన్, ఇంగ్లిష్ కలిపే గట్టిగా చెప్పారు. జట్టు 3-3 దాకా వచ్చింది, చివరికి 4-3తో ఓడినా.

☐ అన్నిటికన్నా ముఖ్యం, క్లబ్ పరిస్థితి. 2016 అక్టోబర్‌లో, సీజన్ మధ్యలో ప్రీమియర్ లీగ్ క్లబ్ స్వాన్సీకి వెళ్లిన అమెరికా కోచ్ బాబ్ బ్రాడ్లీని 11 మ్యాచ్‌లకే తీసేశారు. అంత తక్కువ సమయం ఎవరికీ న్యాయం కాదు. అందుకే మధ్యలో తీసేస్తే ఎంత ఇస్తారో సంతకానికి ముందే రాయించుకోండి.