ఫొటోగ్రఫీ క్లబ్బులో చేరే ముందు

ఏటా ఆగస్టు 19 ప్రపంచ ఫొటోగ్రఫీ దినోత్సవం. హైదరాబాదులో ఏదైనా క్లబ్బులో చేరాలనుకునే కుర్రకారు ఇవి చూసుకోండి.

- కెమెరా ముందే కొనకండి. కొన్నాళ్లు ఫోనుతోనే వెళ్లండి. పక్షుల మీద మనసు పడితే దూరానివి దగ్గరగా చూపే 400 ఎం.ఎం. లెన్సు కావాలి, పాతబస్తీ వీధులకు ఎక్కువ వెడల్పు చూపే 35 ఎం.ఎం. లెన్సు చాలు. ఏది నచ్చుతుందో తేలకముందే కొన్నది బీరువాలో మూలుగుతుంది.

- దరఖాస్తులో ఫొటోల హక్కుల గురించి ఏం రాశారో చదవండి. మామూలుగా కాపీరైటు తీసినవారిదే. సంతకం చేస్తే చేజారవచ్చు.

- పద్దెనిమిదేళ్లు నిండలేదా? ఫొటోల కోసం క్లబ్బు వెళ్లే బయటి షికార్లకు ఎవరెవరు వస్తారో ఇంట్లో చెప్పి వెళ్లండి.

- గోల్కొండకు ట్రైపాడ్ (కెమెరా నిలిపే మూడు కాళ్ల స్టాండు) మోసుకెళ్లకండి. పురావస్తు శాఖ అనుమతి లేకుంటే వాడనివ్వరు.

- బ్యాటరీ సంగతి అందరికీ గుర్తుంటుంది. మెమరీ కార్డే ల్యాప్‌టాప్‌లో ఉండిపోతుంది.