అడవి టమాటాతో సంకరణం – 3: తల్లి ఎవరు, తండ్రి ఎవరు?

ఈపాటికి మీ దగ్గర రెండు మొక్కలు పూతమీద ఉండాలి. ఒకటి తోట టమాటా, రెండోది సొలానమ్ హాబ్రోకైటిస్. పండినా పచ్చగానే ఉండే నూగుకాయల అడవి మొక్క ఇది. ఆకుముడత వైరస్‌ను తట్టుకునే టై-2 జన్యువు దీనిదే. ఈ జాతి నుంచి నిరోధకతను టమాటాలోకి తెచ్చినట్టు 1990లో కల్లూ, బెనర్జీ అనే శాస్త్రవేత్తలు ప్రకటించారు. టై-1, టై-3 జన్యువులున్న సొలానమ్ చిలెన్స్ జోలికి ఇప్పుడే వెళ్ళకండి. ఆ సంకరంలో పిండం సాధారణంగా గింజలోనే చనిపోతుంది, ప్రయోగశాలలో బయటికి తీసి పెంచాల్సి వస్తుంది.

తల్లిగా తోట టమాటానే నిలపండి. తారుమారు చేస్తే టమాటా పుప్పొడి నుంచి పెరిగే నాళం అడవి మొక్క కీలంలో (పువ్వు మధ్యలోని ఆడ కాడలో) సగం దారిలోనే ఆగిపోతుంది. అడవి పుప్పొడికి టమాటాలో ఆ అడ్డు లేదు.

సాయంత్రం, మర్నాడు విచ్చుకోబోయే మొగ్గను ఎంచండి. రేకులు లేత పసుపు తిరిగి ఉండాలి, విడిపోకూడదు. విడిపోయిందంటే స్వపరాగ సంపర్కం జరిగిపోయినట్టే. రేకుల అడుగున పట్టకారుతో పట్టి మెల్లగా లాగితే కేసరాల గొట్టం కూడా వాటితోపాటే ఊడివస్తుంది, ఎందుకంటే రెండూ అడుగున అతికి ఉంటాయి. కీలం వంగితే ఆ మొగ్గను వదిలేయండి. రక్షక పత్రాలను (రేకుల కింది పచ్చని ఆకులను) సగానికి కత్తిరించండి. కాయ పండినా ఆ గుర్తు పోదు, దారపు చీటీలు గాలికి పోతాయి.

మర్నాడు ఉదయం అడవి పువ్వు కాడకు విద్యుత్ టూత్‌బ్రష్ ఆనిస్తే పుప్పొడి గాజుపలకమీద రాలుతుంది. టమాటా మొగ్గ కీలాగ్రాన్ని (కీలం కొసను) అందులో ముంచండి.

కాయ మామూలు ఎర్ర టమాటాలాగే పండుతుంది. కంగారు పడకండి, కండ తల్లిది, సంకరం గింజలో ఉంటుంది. ఆ గింజల నారులో ఆకుల నూగు, ఘాటు వాసన కనిపించాలి. అచ్చం తల్లిలా ఉన్న మొక్కను పీకేయండి.

మళ్ళీ టమాటాతో కలిపేటప్పుడు కూడా సంకరాన్ని తండ్రిగానే వాడండి. తల్లిగా పెడితే అది టమాటా పుప్పొడిని తరచు తిరస్కరిస్తుంది. ఇలా మళ్ళీ టమాటాతో కలపడమే బ్యాక్‌క్రాస్. ఒక్కో బ్యాక్‌క్రాస్‌తో అడవి వాటా సగటున సగమవుతుంది: సంకరంలో 50, ఆపై 25, 12.5 శాతం. సంకరంలో టై-2 ఒక్క ప్రతే ఉంటుంది కాబట్టి ప్రతిసారీ నారులో దాదాపు సగం మొక్కలకే అందుతుంది. అది ప్రబల జన్యువు కాబట్టి ఆ ఒక్క ప్రతి ఉన్నా నిరోధకత కనిపిస్తుంది.

ఆ సగాన్ని గుర్తించడానికి ఈ వైరస్‌ను మోసుకొచ్చే తెల్లదోమలు కావాలి. వాటి పంజరం గురించి వచ్చే పాఠంలో. ఈలోగా వైరస్‌కు లొంగిపోయే పూసా రూబీ అనే టమాటా రకం నారు కొంత పోసుకోండి, పోల్చి చూడటానికి.