జైలు నుంచి విడుదలైనవారికి ఇంటివాళ్లు ముందుగా చేసిపెట్టవలసిన పనులు

విడుదల రోజున జైలు గేటు దాటకముందే విడుదల పత్రం, శిక్షాకాలంలో చేసిన పనికి రావలసిన కూలి డబ్బు, లోపలికి వెళ్లేటప్పుడు అప్పగించిన వస్తువులు చేతికి వచ్చాయో లేదో చూసుకోవాలి. ఆ పత్రానికి నాలుగు నకళ్లు తీయించి, అసలును ఇంట్లో భద్రపరచాలి.

తరువాత ఆధార్. పాత ఫోన్ నంబరు ఈపాటికి మరొకరి చేతికి వెళ్లి ఉంటే ఓటీపీ రాదు, అది రాకపోతే రేషన్ కార్డు నుంచి బ్యాంకు ఖాతా వరకు ప్రతి పనీ చిక్కుల్లో పడుతుంది కనుక, ఆధార్ కేంద్రానికి వెంటబెట్టుకుని వెళ్లి వేలిముద్రతో కొత్త నంబరు నమోదు చేయించాలి.

తెలంగాణ జైళ్ల శాఖ చంచల్‌గూడ వంటి చోట్ల నడిపే పెట్రోల్ బంకుల్లో విడుదలైనవారికీ పని ఇచ్చింది. అక్కడ ఖాళీల గురించి విచారించవచ్చు. బయట పని వెతికేటప్పుడు, లోపల నేర్చిన వడ్రంగానికో బేకరీ పనికో ధ్రువపత్రం ఉంటే చూపించాలి. యజమాని అడగకముందే గతాన్ని క్లుప్తంగా చెప్పడమే మేలని నా అభిప్రాయం. ఊళ్లో ఆ మాట ఎలాగూ ఆయన చెవిన పడుతుంది.

ఇంకా కేసులు మిగిలి ఉంటే వాయిదా తప్పకూడదు. వకీలును పెట్టుకునే స్తోమత లేనివారు జిల్లా న్యాయసేవాధికార సంస్థను గానీ, 15100 నంబరును గానీ సంప్రదించాలి. మహిళలకు, ఎస్సీ, ఎస్టీలకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయసహాయం లభిస్తుంది.