ఓడ వంకర ఎక్కడ పుట్టింది? చెక్క ఓడ నమూనాల్లో తిప్పలు, దిద్దుబాట్లు

చెక్క తెరచాప ఓడ నమూనాలో తప్పు కనిపించేది ఒకచోట, జరిగేది ఇంకోచోట. తాళ్ళు కడుతుండగా కనిపించే వంకర ఆరు నెలల కింద వెన్నుపలక (ఓడ అడుగున ముందు నుంచి వెనక దాకా వెన్నెముకలా పోయే పలక) పట్టుకున్న రోజే పుట్టి ఉండొచ్చు. అందుకే ఏ తిప్పలు వచ్చినా నేను రెండు మెట్లు వెనక్కి వెళ్ళి చూస్తాను. ఇక్కడ ఉదాహరణకు హెచ్‌ఎంఎస్ విక్టరీని తీసుకుంటున్నాను. 1765లో ఇంగ్లండ్‌లోని చాతంలో నీళ్ళలోకి దిగి, 1805 ట్రఫాల్గర్ యుద్ధంలో బ్రిటిష్ నౌకాదళ నాయకుడు నెల్సన్‌ని మోసిన ఓడ ఇది. ఇప్పుడు పోర్ట్స్‌మత్‌లో ఉంది. దీని ముక్కు బొద్దుగా, గుండ్రంగా ఉంటుంది కాబట్టి బద్దల (ఓడ ఒంటి మీద పరిచే సన్న చెక్క పట్టీల) పనిలో ఉండే కష్టాలన్నీ ఒకేచోట తగులుతాయి. సన్న ముక్కున్న కటీ సార్క్ అనే పాత సరుకుల ఓడతో మొదలుపెట్టేవాళ్ళకి ఈ బాధ చాలా తక్కువ.

పైనుంచి చూస్తే ఓడ అరటిపండులా వంగింది

రెండు కారణాలుంటాయి. ప్లైవుడ్ వెన్నుపలక కిట్ పెట్టెలోంచి తీసినప్పుడే వంగి ఉండటం ఒకటి. ఓ పక్క బద్దలన్నీ కొట్టేసి, ఆ తర్వాత రెండో పక్క మొదలుపెట్టడం ఇంకోటి. జిగురు ఆరుతూ, తడిసిన బద్దలు బిగుస్తూ చట్టాన్ని తమవైపు లాగేస్తాయి.

పలక తీయగానే స్టీల్ స్కేలు ఆనించి చూడండి. వంపుంటే కాస్త తడిపి, వంటగది గ్రానైట్ గట్టు మీద బరువు పెట్టి రెండు రోజులు వదిలేయండి. తర్వాత కుడివైపు ఒక బద్ద, ఎడమవైపు ఒక బద్ద, అలా జోడీలుగా వెళ్ళండి. బద్దల మొదటి పొర (దీని మీద తర్వాత పలచటి వాల్‌నట్ పొర వస్తుంది) పూర్తయ్యాక వంపు కనిపిస్తే మాత్రం చేసేదేం లేదు. అల్మరాలో ఏ పక్క బయటికి పెట్టాలో ఆలోచించుకోవడమే.

ముక్కు దగ్గర బద్దలు ఒకదానిమీదికొకటి ఎక్కుతున్నాయి

ఎక్కువమంది పని ఆపేసేది ఇక్కడే. పది బద్దల దాకా హాయిగా సాగుతుంది. ఆ తర్వాత ముక్కు దగ్గరికి రాగానే బద్ద అంచు పైకి లేస్తుంది, మేకు కొడితే చీలుతుంది. అప్పుడు ఇంకాసేపు నానబెట్టి, ఇంకా గట్టిగా నొక్కాలనిపిస్తుంది. నేనూ నొక్కాను, మూడు విరిగాయి. బద్ద మందం వైపు వంగుతుంది కానీ వెడల్పు వైపు వంగదు. కాబట్టి తగ్గించాల్సింది వెడల్పుని.

లెక్క ఇలా. ఓడ నడుము దగ్గరి అడ్డచట్టం (వెన్నుపలకకి అడ్డంగా నిలిపి, ఓడకి ఆకారమిచ్చే పలక) మీద కాగితం పట్టీ చుట్టి, పై అంచు నుంచి వెన్నుపలక దాకా కొలవండి. అది 120 మి.మీ. అనుకుందాం. బద్ద వెడల్పు 5 మి.మీ. అయితే 24 బద్దలు పడతాయి. ముక్కు దగ్గర అదే కొలత 72 మి.మీ. వచ్చిందనుకోండి, ఆ 24 బద్దలే అక్కడా ఇమడాలి. అంటే ఒక్కోదానికి దక్కేది 3 మి.మీ. ప్రతి బద్దనీ ముక్కు వైపు 5 నుంచి 3కి సన్నగా చెక్కుకుంటూ పోవాలన్నమాట. సగం వెడల్పు కన్నా సన్నబడాల్సి వస్తే ఆ కొన మేకుని పట్టుకోలేదు. అప్పుడు రెండు బద్దల్ని కాస్త ముందే ఆపేసి, అక్కడి నుంచి ముక్కు దాకా ఒకే బద్ద నడిపించాలి.

వెనకవైపు సమస్య తలకిందులవుతుంది. చుక్కాని దగ్గర కొలత నడుము కన్నా ఎక్కువ రావచ్చు, బద్దల మధ్య ఖాళీ పడుతుంది. ఆ ఖాళీలో మొనదేలిన ముక్క దూర్చండి. పక్క బద్దని లాగి పూడ్చబోతే ఆ లాగుడు పై వరుసలన్నింట్లో కనిపిస్తుంది.

వెడల్పు సరిగ్గా ఉన్నా బద్ద లేస్తోందంటే అడ్డచట్టాల అంచులు ఏటవాలుగా చెక్కలేదని అర్థం. బద్ద చట్టం అంచు మీద పూర్తిగా ఆనాలి, ఒక మూల మీద కాదు. చెక్కముక్కకి సాండ్‌పేపర్ చుట్టి, బద్ద పరిచి చూస్తూ గీకండి.

ఇప్పటికే మెట్లు మెట్లుగా వచ్చేసిందా? కంగారు పడకండి, మొదటి పొర చాలా తప్పుల్ని కడుపులో దాచుకుంటుంది. రంపపు పొట్టులో ఫెవికాల్ కలిపో, మామూలు లప్పంతోనో గుంటలు పూడ్చి, 120 నంబరు కాగితంతో రుద్దండి. సరిపోయిందో లేదో కళ్ళు మూసుకుని వేళ్ళతో తడిమితే బాగా తెలుస్తుంది. పైన వచ్చే వాల్‌నట్ పొర పలచన కాబట్టి అక్కడ ఇంత రుద్దుడు కుదరదు.

ఫిరంగి కిటికీలు పిల్లాడి పాలపళ్ళలా ఉన్నాయి

విక్టరీ 104 ఫిరంగుల ఓడ, కాబట్టి ఈ తప్పు దాక్కోదు. కిటికీలని నీటిమట్టం గీతకి సమాంతరంగా కొలిచి గుర్తు పెడితే ఇలా అవుతుంది. ఓడ డెక్ ముందూ వెనకా మెల్లగా పైకి లేస్తుంది. కిటికీల కింది అంచులు ఆ లేవడాన్నే అనుసరించాలి. పక్క అంచులు మాత్రం ఓడ పొడవునా నిలువుగా, అడ్డచట్టాలకి సమాంతరంగా ఉండాలి. పొడవాటి సన్న బద్దని గుండుసూదులతో ఓడ పక్కకి ఆనించి, నాలుగడుగులు వెనక్కి జరిగి చూసి, కంటికి నచ్చాకే గీత గీయండి. కోసేశాక తెలిస్తే ముక్క అతికించి మళ్ళీ కోయాలి. పైన రంగు పడుతుంది కాబట్టి అతుకు కనిపించదు.

డెక్ మీద నల్లటి మరకలు

అసలు ఓడల్లో డెక్ పలకల సందుల్లో పీచు దట్టించి తారు లాంటి నల్ల కీలు పోసేవాళ్ళు. ఆ నల్ల గీత కోసం మనం బద్ద అంచుకి మార్కర్ పూస్తాం. వార్నిష్ తగలగానే ఆ సిరా కరిగి చెక్కలోకి పాకుతుంది. అంచుకి 2బి పెన్సిల్ చాలు. ఆరాక సాండ్‌పేపర్‌తో రుద్దితే పెన్సిల్ పొడి చెక్క గరుకులో ఇరుక్కుంటుంది. బ్లేడుని నిలువుగా పట్టుకుని పైపైన గీకండి.

వార్నిష్ వేశాక తెల్లటి మచ్చలు తేలితే అవి సూపర్ గ్లూ చుక్కలు. జిగురు పట్టిన చెక్క వార్నిష్‌ని పీల్చదు. వార్నిష్‌కి ముందు టర్పెంటైన్ గుడ్డతో ఒకసారి తుడిస్తే మచ్చలన్నీ బయటపడతాయి, అక్కడికక్కడే గీకేయొచ్చు.

తాళ్ళ నిచ్చెన నడుము సన్నబడింది

తెరచాప కొయ్యని రెండు పక్కల నుంచి పట్టుకునే నిలువు తాళ్ళకి అడ్డంగా కట్టే సన్న తాళ్ళే నావికుల నిచ్చెన. అడ్డతాడు ముడి వేసిన ప్రతిసారీ మనకి తెలియకుండానే నిలువు తాళ్ళని వెంట్రుకవాసి లోపలికి లాగుతాం. అలాంటివి నలభై వరుసలయ్యేసరికి అది డమరుకం అవుతుంది.

కట్టిన తాళ్ళని సాగదీసి సరిచేయలేం. తెంపేసి మళ్ళీ మొదలుపెట్టాల్సిందే, బ్లేడుతో తెంపడం అరగంట పని. ఈసారి నిలువు తాళ్ళకి అడ్డంగా మూడు చోట్ల అగరుబత్తి పుల్లలు కట్టి ఎడం కాపాడండి. వెనక గీతల కాగితం పెట్టండి. అసలు ఓడల్లో ఈ మెట్ల ఎడం 13 నుంచి 15 అంగుళాలు, 1:98 కొలతలో (అసలు ఓడలో 98వ వంతు) అది సుమారు 3.4 నుంచి 3.9 మి.మీ. ముందు ప్రతి అయిదో వరుసా కట్టి, తర్వాత మధ్యవి నింపండి. ముడి మధ్య తాడు దగ్గర మొదలై రెండు అంచులకీ పోవాలి. ముడిని బిగించాలి కానీ అడ్డతాడుని లాగకూడదు, అది కాస్త కిందికి వేలాడినా అందంగానే ఉంటుంది.

కొయ్యే ఒక పక్కకి ఒరిగితే నిలువు తాళ్ళని ఒకే పక్క వరసగా బిగించారన్నమాట. కుడీ ఎడమా జోడీలుగా బిగించుకుంటూ పోవాలి. అరటిపండు వంపుకి చెప్పిన మందే ఇక్కడా.

ఇక మా విశాఖ లాంటి ఊళ్ళలో వచ్చే బాధ: వానాకాలంలో బిగుతుగా ఉన్న తాళ్ళు ఏసీ గదిలోనో, ఎండల్లోనో వేలాడతాయి. మెలివేసిన నూలుదారం తేమకి ఉబ్బి పొట్టిదవుతుంది, ఆరితే సాగుతుంది. పాలిస్టర్ దారం వాడండి. నూలే కావాలంటే బరువు వేలాడదీసి ఒక రాత్రి ఉంచి, తేనెమైనం మీద రెండుసార్లు లాగాక కట్టండి. మైనంతో దారం నూగు కూడా అణుగుతుంది.

ఫొటోలకీ నా ఓడకీ పోలిక లేదు

ఫొటో ఏ ఏడాదిదో చూడండి. విక్టరీ తెరచాప కొయ్యల పైభాగాల్ని 2011లో దించేశారు. 2015లో పాత రంగుపొరల పరిశోధన ఆధారంగా ముదురు పసుపు పోయి లేత రంగు వచ్చింది. పెట్టె మీద బొమ్మ పాతదైతే రెండూ తేడాగానే ఉంటాయి. ఏ రంగైనా ఫర్వాలేదు, సగం అది, సగం ఇది మాత్రం వద్దు.

అద్దాల పెట్టెలో లంగరు మీద తెల్లటి పొడి

పాత కిట్లలో సీసంతో పోతపోసిన లంగర్లు, ఫిరంగులకి ఇది పడుతుంది. గాలాడని పెట్టెలో చెక్క నుంచి వచ్చే ఆమ్లపు ఆవిరి సీసాన్ని తినేస్తుంది. ఊదకండి, ఆ పొడి విషం. గ్లవ్స్, మాస్కు పెట్టుకుని తడిగుడ్డతో తుడిచి, ఆ భాగాలు తీసి ఇత్తడివి పెట్టండి. పెట్టె వెనక కింద రెండు, పైన రెండు చిన్న రంధ్రాలు చేసి, దుమ్ము పోకుండా సన్న జాలీ అంటించండి.